స్టవ్ చుట్టూ సున్నం, కింద చీమకుర్తి రాయి

మా ఇల్లు ఇంగ్లండ్‌లో, యార్క్‌షైర్‌లోని హడర్స్‌ఫీల్డ్‌లో ఉంది. 1890ల నాటి రాతి టెర్రస్ ఇల్లు, అంటే గోడకి గోడ ఆనించి వరసగా కట్టినవాటిలో ఒకటి. గ్యాస్ బిల్లులు ఆకాశాన్నంటిన 2022 చలికాలం నుంచే కట్టెల స్టవ్ పెట్టించుకోవాలన్న మాట ఇంట్లో నలుగుతోంది, మొన్నామధ్య పెట్టించాం. స్టవ్ సంగతి తొందరగానే తేలింది. అది కూర్చునే గూడు లోపలి గోడలకి ఏం పూయాలి, కింద ఏ రాయి వేయాలి, పైన చెక్క దూలం పెట్టాలా వద్దా అన్నవి మాత్రం చలికాలం చివర్లో మొదలై ఎండలొచ్చేదాకా తెగలేదు. ఈ దేశంలో పాత ఇళ్ళు కొంటున్న మనవాళ్ళు ఎక్కువయ్యారు. వాళ్ళలో ఒకరికైనా పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

మొదట అక్కడ ఉన్నది 1950ల నాటి లేత గోధుమరంగు టైల్స్ ఫైర్‌ప్లేస్. దాని ముందు ఒక ఎలక్ట్రిక్ హీటర్. టైల్స్ గోడకి అంటించారనుకుంటాం కానీ అది మొత్తం ఒకే కాంక్రీటు దిమ్మ. రెండు పక్కలా ప్లాస్టర్ కింద ఇనప చెవులుంటాయి, వాటికి మరలు బిగించి ఉంటాయి. ప్లాస్టర్ కొట్టి ఆ మరలు విప్పితే దిమ్మ ముందుకొస్తుంది. బరువు చాలా ఎక్కువ, ఇద్దరు గట్టివాళ్ళు లేకుండా ముట్టుకోకూడదు. దాని వెనక వంపు తిరిగిన మట్టి పలక, ఆ పలక వెనక ఇటుక ముక్కలు, ఇసుక, మసి కలిసిన చెత్త. గోతాలకు గోతాలు బయటికి మోశాం.

అదంతా తీశాక అసలు గూడు బయటపడింది. రెండు రాతి నిలువుల మీద ఒకటే పొడవాటి రాతి దూలం. ఉలితో కొట్టిన గాట్లు మసి కింద వరుసగా కనపడుతున్నాయి. పక్కింటి పెద్దాయన వచ్చి చూసి, ఇక్కడ రేంజ్ ఉండేదని చెప్పాడు. ఆయన రిటైరైన తాపీమేస్త్రీ, వాళ్ళిల్లూ మా వరసలోదే. రేంజ్ అంటే పోత ఇనుముతో చేసిన పెద్ద బొగ్గు పొయ్యి. మధ్యలో మంట, ఒక పక్క రొట్టెలు కాల్చే అర, ఇంకో పక్క నీళ్ళు కాగే తొట్టి. మిల్లుల్లో పనిచేసే కుటుంబాలకి ఈ వెనక గదే వంటిల్లు. అది విన్నాక ఆ రాతి దూలాన్ని మళ్ళీ దేనితోనూ కప్పకూడదని నేను నిశ్చయించుకున్నాను. మిగతా నిర్ణయాలన్నీ దాని వెనకే నడిచాయి.

మా ఆయనకి లోపలి ఇటుకలు కనపడాలని కోరిక. ఫొటోల్లో చూస్తే నిజంగానే బాగుంటుంది: ఎర్రటి ఇటుక, ముందు నల్ల స్టవ్. కానీ మా గూట్లో వెనక గోడ కింది సగం రాయి, పై సగం ముతక ఇటుక, ఒక మూల ఎవరో ఎప్పుడో సిమెంటు దిమ్మతో పూడ్చారు. చాలా పాత ఇళ్ళలో పరిస్థితి ఇదే. ఆ ఇటుకలు ఎవరికైనా కనపడతాయని కట్టినవి కావు. ముందు మట్టి పలక వస్తుంది కదా అని చేతికందిన ఇటుక పెట్టేశారు. "ఇసుక కొట్టించి శుభ్రం చేయిస్తే?" అన్నాడు మా ఆయన. ఇటుకకి బట్టీలో కాలినప్పుడు పైన గట్టి పొర ఏర్పడుతుంది, దాన్ని కాపాడేది అదే. ఇసుకతో కొడితే ఆ పొర పోయి లోపలి మెత్తదనం బయటపడుతుంది, ఆ తర్వాత జీవితాంతం పొడి రాలుతూనే ఉంటుంది. మీ గూట్లో ఇటుక వరసలు తీరుగా, ఒకే రకంగా ఉంటే అలాగే వదిలెయ్యండి. గట్టి బ్రష్షుతో రుద్ది, సందుల్లో సున్నం నింపితే చాలు. లేనిచోట తెచ్చిపెట్టుకోవడం నాకు నచ్చలేదు.

మొదట ఎస్టిమేట్ ఇచ్చిన బిల్డర్ చెప్పింది ప్లాస్టర్‌బోర్డు బిగించి పైన మామూలు పింక్ ప్లాస్టర్, అంటే జిప్సం పూత. ఒక్క రోజు పని అన్నాడు. ఇది మాత్రం ఎవరూ ఒప్పుకోవద్దు. ప్లాస్టర్‌బోర్డుకి రెండు వైపులా ఉండేది కాగితం. లోపల ఉండే జిప్సంలో నీరు రసాయనికంగా కలిసి ఉంటుంది. వేడి ఎక్కువసేపు తగిలితే ఆ నీరు విడిపోయి జిప్సం బలం పోతుంది. నిలకడగా 50 డిగ్రీలకి మించి వేడి తగిలే చోట జిప్సం ప్లాస్టర్ వాడొద్దని తయారీదారులే చెబుతారు. స్టవ్ గూటి లోపల అంతకు ఎంతో ఎక్కువే ఉంటుంది. రెండో చలికాలానికి పగుళ్ళు, ఆ తర్వాత పెచ్చులు. మా వరసలోనే ఒకరింట్లో అరచెయ్యంత పెచ్చు ఊడి స్టవ్ మీద పడి ఉండటం నేను చూశాను.

ఇంకో సంగతి, చాలామంది పట్టించుకోనిది. నూరేళ్ళు బొగ్గు కాల్చిన చిమ్నీ గోడల్లో లవణాలు పేరుకుని ఉంటాయి. అవి గాల్లో తేమని లాక్కుంటాయి. అందుకే వర్షం పడకపోయినా, పైకప్పు బాగానే ఉన్నా, ఈ ఇళ్ళలో చిమ్నీ గోడ మీద గోధుమరంగు మరకలు వస్తాయి. మాకు ముందున్నవాళ్ళు ఆ మరకల మీద జిప్సం పూసి, పైన వినైల్ పెయింట్ వేశారు. తేమ బయటికి పోయే దారి మూసుకుపోయి పెయింట్ బుడగలు లేచింది. గోకితే తడి. ఉప్పు పట్టిన పాత ప్లాస్టర్ మొత్తం రాయి కనపడేదాకా కొట్టించి, ఇక గూట్లోనూ, చిమ్నీ గోడ మీదా సున్నమే పూయించాలని అప్పుడు తేల్చుకున్నాం.

సున్నం మనకి కొత్తేం కాదు. ప్రకాశం జిల్లాలో మా తాతయ్యగారి ఇల్లు గానుగ సున్నంతో కట్టిందే. ఎద్దు గానుగ తిప్పుతుంటే సున్నం, ఇసుక కలిసి మెత్తగా నలిగేవని అమ్మ చెబుతుంది. ఆ గోడలు ఇప్పటికీ చల్లగా, గట్టిగా ఉన్నాయి. ఇక్కడి పాత చిమ్నీల లోపలి పూత గురించి పక్కింటి పెద్దాయన చెప్పిన మాట విని అమ్మ ఎంత సంబరపడిందో. సున్నంలో ఆవుపేడ కలిపి పొగగొట్టం లోపల పూసేవాళ్ళట. ఆయన తన చిన్నప్పుడు చూశాడట. చదివితే అది ఇంగ్లండ్ అంతటా ఉన్న పాత పద్ధతేనని తెలిసింది. పేడలోని పీచు పూతని పట్టి ఉంచుతుంది, పగుళ్ళు తగ్గుతాయి. "చూశావా, పేడ విలువ వాళ్ళకీ తెలుసు" అంది అమ్మ.

సున్నం అనుకున్నాక కూడా కొలతలు చూడకుండా ముందుకెళ్ళలేదు. ప్రతి స్టవ్‌కి దాని మాన్యువల్‌లో చుట్టూ ఎంత ఖాళీ ఉండాలో రాసి ఉంటుంది. కాలే వస్తువులకి ఒక లెక్క, కాలని గోడలకి ఒక లెక్క. కాలని గోడ దగ్గరున్నా ప్రమాదం లేదు కానీ, గాలి ఆడకపోతే వేడి గదిలోకి రాదు, గోడే తాగేస్తుంది. మా స్టవ్ వెడల్పు 480 మిల్లీమీటర్లు. పక్కలకి 150 చొప్పున వదలాలి, అంటే 780 కావాలి. రాతి నిలువుల మధ్య మా గూడు 830. సున్నం పూత పక్కకి 20 వేసుకుంటే 790 మిగులుతుంది, సరిపోయింది. అదే టైల్స్ వేయాలంటే వెనక 12 మిల్లీమీటర్ల బోర్డు, దానికింద జిగురు, పైన జిగురు, 10 మిల్లీమీటర్ల టైల్ కలిపి పక్కకి 28 దాకా అవుతుంది. 774కి దిగిపోతాం. పల్చటి ఇటుక బిళ్ళలు అంటిస్తే ఇంకా ఇరుకు. గూడు ఖాళీగా ఉన్నప్పుడు కొలిచి స్టవ్ కొనేసి, ఫినిషింగ్ మందం తర్వాత లెక్కేసుకునేవాళ్ళు ఇక్కడే ఇరుక్కుంటారు. స్టవ్ ఆర్డర్ ఇచ్చేలోపే గోడకి ఏం వస్తుందో తెలిసి ఉండాలి.

ఇటుక డిజైన్ ఉన్న, వర్మిక్యులైట్ అనే ఖనిజంతో చేసిన పలకలూ దొరుకుతాయి. కోసి అమర్చడం సులువు, వేడిని బాగా తట్టుకుంటాయి. కొత్త ఇంట్లో, కొత్తగా కట్టిన గూట్లో అయితే నేనూ అవే తీసుకునేదాన్నేమో. నూట పాతికేళ్ళ రాతి దూలం కింద అవి నాకు పొసగలేదు.

చెక్క దూలం గురించి మాత్రం పెద్దగా చర్చే లేదు. ఇక్కడ అందరూ స్టవ్ పైన ఓక్ దూలం పెట్టుకుంటారు, చూడటానికి బాగుంటుంది. కానీ స్టవ్ నుంచి పైకి పోయే ఒంటిపొర గొట్టానికీ, కాలే వస్తువుకీ మధ్య గొట్టం వ్యాసానికి మూడింతల దూరం ఉండాలన్నది సాధారణ నియమం. 125 మిల్లీమీటర్ల గొట్టమైతే 375. దానికి తోడు స్టవ్ మాన్యువల్ చెప్పే దూరం వేరే. చెక్కే కావాలనుకుంటే అచ్చం ఓక్‌లా పోత పోసిన కాంక్రీటు దూలాలున్నాయి, వాటితో ఈ బాధ లేదు. మాకు దేవుడిచ్చిన రాతి దూలం ఉండగా దాని ముందు ఇంకోటి ఎందుకు? స్టవ్ పైన టీవీ అన్న ప్రస్తావన కూడా ఒకసారి వచ్చింది, వెంటనే పోయింది.

రాతి దూలాన్ని నేనే శుభ్రం చేశాను. ఇనప తీగల బ్రష్ వాడలేదు, ఇసుకరాయి మీద గీతలు పడతాయి, ఇరుక్కున్న తీగ ముక్కలు తుప్పు పట్టి మరకలూ చేస్తాయి. నైలాన్ బ్రష్, గోరువెచ్చని నీళ్ళు, కొంచెం సబ్బు. బాగా నల్లబడ్డ చోట కాగితపు గుజ్జు ముద్దలా పట్టించి ఆరనిస్తే మసి దాంట్లోకి లాగుకుంటుంది. మధ్య భాగంలో మసి పూర్తిగా పోలేదు, ఇంకా రుద్దొద్దని వదిలేశాను. ఆ రేంజ్ మీద వండిన చేతుల గుర్తు అక్కడ ఉండటమే నాకిష్టం.

ఇక కింది రాయి. స్టవ్ కూర్చునే పలకని ఇక్కడ హార్త్ అంటారు. వేల్స్ నుంచి వచ్చే నల్ల స్లేటు, యార్క్‌షైర్ రాయి, గ్రానైట్, ఈ మూడూ షోరూంలో చూశాం. గ్రానైట్ వరసలో ఒక పలక దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. నల్లటి రాయిలో సన్నటి బంగారు చుక్కలు. కింద చీటీ మీద బ్లాక్ గెలాక్సీ. మా అమ్మమ్మ ఊరికి దగ్గర్లో, ఒంగోలు నుంచి బస్సులో పోతే వచ్చే చీమకుర్తి రాయి అది. చిన్నప్పుడు ఆ రోడ్డు మీద లారీకి ఒకటో రెండో చొప్పున దిమ్మలు గొలుసులతో కట్టి తీసుకెళ్తుంటే, దుమ్ములో ఆగి దారిచ్చేవాళ్ళం. అంత లోతు క్వారీల్లో దుమ్ము తాగి రాయి తీసేవాళ్ళు మా వాళ్ళే. వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ భూగర్భ శాస్త్రం లెక్కన అది గాబ్రో జాతి రాయి, ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. షోరూం అతనికి ఈ రాయి ఇండియాది అని తెలుసు, ఏ ఊరిదో తెలీదు. ఫోన్‌లో మ్యాప్ తీసి చూపించాను. శ్రద్ధగా చూసి, చీటీ మీద ఊరి పేరు రాసుకున్నాడు.

అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే, "ఏందమ్మా, మన చీమకుర్తి రాయి అంత దూరం పోయిందా? నున్నగా ఉంది, జారతారు జాగ్రత్త" అంది. "కాళ్ళు పెట్టే చోటు కాదమ్మా, స్టవ్ కింద" అన్నాను. "అయితే తీసుకో, ఆలోచిస్తావెందుకు?" అంది.

అయితే ఊరి మీద ప్రేమతోనే తీసుకోలేదు. కట్టెల స్టవ్ కింద గ్రానైట్ ఒకే పలకగా వేస్తే ఇబ్బంది. స్టవ్ కింద ఒకచోట వేడెక్కి అంచులు చల్లగా ఉంటే రాయి ఒకేలా వ్యాకోచించదు, పగులుతుంది. అందుకే ముక్కలుగా కోయించి, మధ్యలో సన్నటి సందులు వదిలి వేయించాలి. సందుల్లో వేడిని తట్టుకునే సీలంట్ నింపుతారు. మాది మూడు ముక్కలు: గూటి లోపల ఒకటి, ముందు రెండు. దగ్గరికెళ్ళి చూస్తే తప్ప సందు తెలీదు. కొన్ని షాపులు గ్యాస్ ఫైర్ కోసం తయారుచేసిన ఒకే పలక హార్త్‌ని అడక్కపోతే దేనికైనా అమ్మేస్తాయి. కట్టెల కోసం అని గట్టిగా చెప్పండి, కాగితం మీద రాయించుకోండి.

రూల్స్ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఫినిషింగ్ వాటికి లోబడే ఉంటుంది. ఇంగ్లండ్‌లో దీనికి బిల్డింగ్ రెగ్యులేషన్స్‌లోని డాక్యుమెంట్ జె చూడాలి. స్టవ్ కింది నేలని 100 డిగ్రీలు దాటనివ్వదని తయారీదారు రాసిస్తే 12 మిల్లీమీటర్ల మందం కాలని పలక సరిపోతుంది. లేకపోతే కింద మందపాటి కాంక్రీటు హార్త్ ఉండాలి. స్టవ్ ముందు పలక కనీసం 225 మిల్లీమీటర్లు, తలుపు తీసి కాల్చే రకమైతే 300 ఉండాలి. హార్త్ అంచు ఎక్కడుందో కంటికి తెలియాలి, దాని మీదకి కార్పెట్ రాకుండా. నేలకి సమానంగా పరిచే టైల్స్ మీద మోజుంటే ఈ మాట గుర్తుంచుకోండి. మేం రాయిని నేల కంటే కొంచెం పైకే ఉంచాం. కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. పని హెటాస్‌లో (స్టవ్‌లు బిగించేవాళ్ళని నమోదు చేసే సంస్థ) రిజిస్టర్ అయినవాళ్ళతో చేయిస్తే సర్టిఫికెట్ వాళ్ళే ఇస్తారు, లేదంటే కౌన్సిల్‌కి ముందే చెప్పాలి. ఇల్లు అమ్మేటప్పుడు ఆ కాగితం అడుగుతారు. మేముండేది స్మోక్ కంట్రోల్ ఏరియా, అంటే చిమ్నీ పొగ మీద ఆంక్షలున్న చోటు, కాబట్టి డెఫ్రా (ఇక్కడి పర్యావరణ శాఖ) అనుమతి ఉన్న స్టవ్ తీసుకున్నాం. 1952 డిసెంబర్‌లో లండన్‌ని కమ్మేసిన పొగ తర్వాత 1956లో వచ్చిన క్లీన్ ఎయిర్ చట్టంతో మొదలైన ఏర్పాటు ఇది. పొగ పక్కింటి పిల్లల ఊపిరితిత్తుల్లోకే పోతుంది, అందుకే 20 శాతం లోపు తేమ ఉన్న కట్టెలు తప్ప మా ఇంట్లో కాలవు.

సున్నం పని ఎండలు మొదలయ్యాక పెట్టుకున్నాం. 5 డిగ్రీల లోపు చలిలో సున్నం పూయకూడదు. ఒక పాలు ఎన్‌హెచ్‌ఎల్ 3.5 అనే రకం సున్నానికి (నేచురల్ హైడ్రాలిక్ లైమ్, నీటితోనూ గట్టిపడేది) రెండున్నర పాళ్ళు గరుకు ఇసుక. ముందు గోడ మసి అంతా గోకి కడిగారు, లేకపోతే మరక పూతలోంచి పైకొస్తుంది. పూసేముందు గోడ బాగా తడిపారు. మొదటి పొర వేలి మందాన వేసి, పచ్చిగా ఉండగానే దాని మీద అడ్డదిడ్డంగా గీతలు గీశారు, రెండో పొర పట్టుకోడానికి. మూలలకి ఇనప పట్టీలు పెట్టనివ్వలేదు. వేడికి ఇనుము సాగినంత సున్నం సాగదు, అక్కడే పగులుతుంది. మూలలు చేత్తోనే, స్పాంజితో కొంచెం గుండ్రంగా తిప్పాడు పూసినతను. ఆ గుండ్రటి అంచు మీద సాయంత్రం వెలుతురు పడితే ఎంత బాగుంటుందో చెప్పలేను.

పూత మీద కొన్నాళ్ళ పాటు ఉదయం, సాయంత్రం నీళ్ళు చిలకరించింది నేనే. తొందరగా ఆరితే సున్నం బలహీనపడుతుంది. హీటర్ పెట్టి ఆరబెట్టడం, వెంటనే స్టవ్ వెలిగించడం రెండూ దానికి చేటు. సున్నం గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌ని తీసుకుంటూ మెల్లగా గట్టిపడుతుంది, దాని టైమ్ దానికివ్వాలి. ఎండాకాలం ఎలాగూ స్టవ్ అక్కర్లేదు కాబట్టి టెన్షన్ పడలేదు. పైన పెయింట్ వేయలేదు, వెల్ల వేశాం. పల్చగా, ఒకదాని మీద ఒకటి. తడిగా ఉన్నప్పుడు ఏమీ వేయనట్టే ఉంటుంది, ఆరాక తెలుపు తేలుతుంది.

అక్టోబర్‌లో మొదటి మంటలు చిన్నవి. చిన్న చితుకులతో వెలిగించి, వేడెక్కగానే ఆపేశాం. స్టవ్ పెయింట్ కాలి గట్టిపడేదాకా వాసనొస్తుంది, కిటికీలు తెరుచుకోవాలి. తర్వాత పెద్ద మంట. చలికాలం అంతా గూటి లోపల చూస్తూనే ఉన్నాను: రెండు చోట్ల వెంట్రుక మందం గీతలు, స్టవ్ వెనక. వెల్లలో బ్రష్ ముంచి ఒక పూత వేస్తే అవి మూసుకుపోయాయి. చిమ్నీ గోడ మీది గోధుమరంగు మరక ఇప్పటిదాకా రాలేదు. నల్ల రాయి మీద బూడిద బాగా కనపడుతుంది, రోజూ తడిగుడ్డతో తుడవాల్సిందే. స్లేటు అయితే ఈ పని తక్కువ, ఇది ముందే తెలుసుకుని తీసుకోండి.

ముందు గదిలో ఇంకో ఫైర్‌ప్లేస్ ఉంది. పోత ఇనుముది, పక్కల పువ్వుల టైల్స్‌తో, ఇల్లు కట్టినప్పటిదే. అక్కడా స్టవ్ పెడదామని మా ఆయన అడుగుతున్నాడు. అది పెట్టాలంటే ఆ ఇనుము, ఆ టైల్స్ కొట్టి తీయాలి. దానికి నేనొప్పుకోను. చిమ్నీ ఊడ్పించి, పగిలిన ఒక్క టైల్‌కి జత వెతుకుతున్నాను. ఎవరికైనా పాత సామాన్ల షాపుల్లో ఆకుపచ్చ మీద తెల్ల తామరపువ్వున్న ఆరంగుళాల టైల్ కనపడితే నాకు చెప్పండి.